పదకొండు పేర్లు

బందరులో రామబ్రహ్మం గారి రక్తపరీక్షల ల్యాబులో ప్రసన్నలక్ష్మి కంప్యూటర్ ఆపరేటరు. ఊరు గూడూరు. రోజూ ఎనిమిదింటి బస్సెక్కి కోనేరు సెంటర్లో దిగి, అక్కణ్ణుంచి నడిచి వెళ్లేది. అవనిగడ్డలోనూ గుడివాడలోనూ ల్యాబుకి చిన్న సెంటర్లున్నాయి. అక్కడ తీసిన రక్తం ఐసు డబ్బాల్లో బస్సు మీద బందరు చేరుతుంది. సాయంత్రానికి రిపోర్టులు కవర్లలో మళ్లీ అదే దారిన వెనక్కి వెళ్తాయి. ఆ రిపోర్టులన్నీ ప్రసన్న చేతుల మీదుగా వెళ్లాల్సిందే.

2004 జూన్‌లో ఆమెను రెండు రోజుల ట్రైనింగ్‌కి విజయవాడ పంపించారు. ల్యాబుకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన కంపెనీవాళ్లే పెట్టిన ట్రైనింగ్ అది. తిరిగొచ్చిన రోజునే ఆమె నోట్సు పుస్తకం పట్టుకుని డాక్టరు గారి గదిలోకి వెళ్లింది.

"డాక్టరు గారూ, మనం అందరం ఒకటే పేరుతో, ఒకటే పాస్‌వర్డుతో కంప్యూటర్లోకి వెళ్తున్నామండీ. అలా కూడదంట. ఎవరి పేరు వాళ్లకి ఉండాలి. ఎవరు ఏ రిపోర్టు చూశారో తెలియాలి. అందరికీ అన్ని రిపోర్టులూ కనపడాల్సిన అవసరం కూడా లేదన్నారు."

రామబ్రహ్మం గారికి అప్పటికి అరవై రెండేళ్లు. కళ్లజోడు నుదుటి మీదికి జరుపుకుని నవ్వారు.

"ఇది బ్యాంకు కాదు కదమ్మా. తొమ్మిది మందిమి ఉన్నాం. ఒక ఇంటివాళ్లలాగే ఉంటున్నాం. ఇంట్లో గదిగదికీ తాళాలేసుకుంటామా?"

"అది కాదండీ..."

"మన ఆయా రాజమ్మకి ఒక్క పాస్‌వర్డే గుర్తుండదు. తొమ్మిది పెడితే రోజంతా నీకు అదే పని. పద, గుడివాడ డబ్బా వచ్చినట్టుంది."

నిజానికి ఆ ఒక్క పాస్‌వర్డూ ఎవరికీ గుర్తుండేది కాదు. అది డాక్టరు గారి మనవరాలి పేరే. అయినా అక్షరాలు తప్పు కొట్టేవాళ్లు. అడిగిన ప్రతివాళ్లకీ లేచి వెళ్లి చెప్పలేక, ప్రసన్నే ఒక చీటీ మీద రాసి మూడు కంప్యూటర్లకీ అంటించింది. ట్రైనింగ్ నుంచి వచ్చాక ఆ చీటీలు పీకేద్దామనుకుంది. పీకలేదు. డాక్టరు గారే అక్కర్లేదన్నాక మనకెందుకులే అనుకుంది.

సెప్టెంబరు మొదటి వారంలో, ఒక బుధవారం పదకొండు గంటల వేళ, ఒకామె కౌంటరు ముందుకొచ్చి నిలబడింది. ముప్పై రెండు ముప్పై మూడేళ్లుంటాయి. సముద్రపు ఎండకి నల్లబడిన మొహం. వేళ్ల చివర్లు తెల్లగా నాని, చీలికలు పడి ఉన్నాయి. రొయ్యలు ఒలిచే చేతులు అలాగే ఉంటాయి.

"ఇది మీ ఆఫీసు కాయితమేనా అమ్మా?" అంటూ మడత విప్పి కౌంటరు మీద పెట్టింది.

అది జిరాక్సు కాపీ. ప్రింటరు కాగితానికి రెండు పక్కలా ఉండే చిల్లులు కూడా నల్లటి చుక్కల్లా జిరాక్సులో పడ్డాయి. పైన ల్యాబు పేరు. కింద పదకొండు పేర్లు, వయసులు, ఊళ్లు. ప్రతి పేరు ఎదురుగా హెచ్.ఐ.వి., దాని పక్కన పాజిటివ్ అని.

ప్రసన్న కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది మీకెక్కడిది?" అంది.

"ఇందులో ఏడో పేరు నాదేనమ్మా. నాగమల్లేశ్వరి." ఆమె గొంతు పెంచలేదు. వెనక బెంచీల మీద జనం ఉన్నారని చూసుకుని ఇంకా తగ్గించింది. "గర్భసంచి ఆపరేషన్ కోసమని మా దగ్గర నర్సింగ్‌హోములో రక్తం తీశారు. రక్తం తక్కువుంది, ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం అన్నారు. ఇంకేం చెప్పలేదు. సరేలే అని ఇంటికెళ్లిపోయాను."

ప్రసన్న కౌంటరు తలుపు తీసి ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్లింది. మంచినీళ్లిచ్చింది. నాగమల్లేశ్వరి గ్లాసు ముట్టుకోలేదు. "మీ గ్లాసుల్లో తాగొచ్చా?" అని అడిగింది.

"తాగొచ్చు. తాగితే ఏమీ కాదు. నిజంగా ఏమీ కాదు."

అప్పుడు తాగింది. తాగాక చెప్పింది. ఆమెది నాగాయలంక దిగువన సముద్రం దగ్గరి పల్లె. మొగుడు ఒరిస్సాలోని పారాదీప్ రేవుకి వెళ్లి పడవల మీద పనిచేసేవాడు. రెండేళ్ల కిందట దగ్గుతో చిక్కి చనిపోయాడు. తొమ్మిదేళ్ల కూతురుంది. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేసుకుని బతుకుతున్నారు. పది రోజుల కిందట పొద్దున్నే షెడ్డు గేటు దగ్గర సూపర్‌వైజరు ఒక కాగితం పట్టుకుని నలుగురి పేర్లు పిలిచాడు.

"పిలిస్తే చీరలేమైనా ఇస్తారేమో అనుకున్నామమ్మా. గబగబా ముందుకొచ్చి నిలబడ్డాం. వెనకనున్నోళ్లు, మా పేర్లు లేవా అండీ అని అడిగారు కూడా. అప్పుడన్నాడు, మీకు ఎయిడ్సు ఉంది, రేపణ్ణుంచి రాకండి అని. అందరి ముందూ." ఖాళీ గ్లాసు కింద పెట్టింది. "మా ఆయన దేనితో పోయాడో కూడా నాకు ఆ గేటు దగ్గరే తెలిసింది."

ప్రసన్న గది తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"పంపు దగ్గర నా బిందె తీసి అవతల పెడుతున్నారు. బళ్లో పిల్లని విడిగా కూర్చోబెట్టారు. అదంతా సరే. నాకొకటే అడగాలని వచ్చాను. నా వొంట్లో రక్తం సంగతి, నాకంటే ముందు ఆళ్లకెట్టా తెలిసిందమ్మా?"

ప్రసన్న లేచి వెళ్లింది. డాక్టరు గారిని పిలుచుకొచ్చింది. ఆయన కాగితం చూసి కుర్చీలో కూలబడ్డారు. జబ్బు గురించి, గుంటూరులో పెద్దాసుపత్రి గురించి, పాపకి కూడా పరీక్ష చేయించాల్సిన అవసరం గురించి ఓపిగ్గా చెప్పారు. కానీ కాగితం ఎలా బయటికొచ్చిందన్న మాట దగ్గర మాత్రం, "కనుక్కుంటామమ్మా, తప్పకుండా కనుక్కుంటాం" అని తలొంచుకున్నారు.

వెళ్తూ నాగమల్లేశ్వరి కాగితం తీసుకోలేదు. "ఇది నాకొద్దు. ఇట్టాంటివి ఊళ్లో చాలా ఉన్నాయి" అంది. నందివాడ వైపు చేపల చెరువుల దగ్గర పని దొరుకుతుందట, చిన్నమ్మ అక్కడే ఉంది, పిల్లని తీసుకుని వెళ్లిపోతానంది.

ఆమె వెళ్లగానే డాక్టరు గారూ ప్రసన్నా కలిసి కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఎవరు ఏ రోజున ఏం ప్రింటు తీశారో సాఫ్ట్‌వేర్ తనంతట తనే రాసుకుంటుంది. వెతికితే దొరికింది. ఆగస్టు పదిహేడు, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. ప్రింటు తీసినవారు అన్న చోట ‘ల్యాబ్’ అని ఉంది. అందరూ వాడే పేరు అదొక్కటే. తీసిన కంప్యూటరు: ముందు కౌంటరు.

"నీ కంప్యూటరే కదమ్మా" అన్నారు డాక్టరు గారు.

"ఒంటిగంటన్నరదాకా నేను వెనక గదిలో భోజనం చేస్తాను కదండీ."

"అవును. భోజనానికి వెళ్తావు." ఆయన ఆమె వంక చూడలేదు. "వెళ్లేటప్పుడు ఆపి వెళ్లవా?"

ఆపదు. ఆపితే మళ్లీ తెరుచుకునేసరికి ఐదు నిమిషాలు పడుతుంది. బెంచీల మీద జనం విసుక్కుంటారు. ఎప్పుడూ తెరిచి ఉంచే వెళ్తుంది. ఆ మాటే చెప్పింది. చెబుతుంటే తన మాట తనకే అబద్ధంలా వినిపించింది.

సాయంత్రానికల్లా ల్యాబులో తొమ్మిది మందికీ తెలిసింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. కానీ ఆమె గదిలోకొస్తే మాటలు ఆగిపోయేవి. మూడో రోజున రాజమ్మ, ఆసుపత్రుల్లో పాతికేళ్లు ఆయాగా చేసిన మనిషి, ఆమె పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "ఏమ్మా, ఎవరైనా బతిమాలారా నిన్ను? చిన్నపిల్లవి, మొహమాటానికి ఇచ్చుంటావు. చెప్పెయ్. అయ్యగారేం అనరు."

ప్రసన్న ఆ రోజు టిఫిన్ బాక్సు మూత తియ్యలేదు.

మర్నాడు డాక్టరు గారి గదికి వెళ్లి, నిలబడే మాట్లాడింది.

"నామీద అనుమానం ఉంటే ఉండనివ్వండి. నేను కాదని నిరూపించుకోడానికి నా దగ్గర ఏమీ లేదు. అందరం ఒకటే పేరుతో ఉన్నంతకాలం ఎవరి దగ్గరా ఉండదు. కానీ ఇవాళ్టి నుంచి ఎవరి పేరు వాళ్లకి ఇస్తాను. మీరు ఒప్పుకోకపోతే రేపణ్ణుంచి రాను."

ఈసారి ఆయన నవ్వలేదు. "చెయ్యి" అన్నారు.

మొదట చీటీలు పీకింది. జిగురు మరక పోవడానికి స్పిరిట్ దూదితో రుద్దింది. తర్వాత ఒక్కొక్కళ్లనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, తాను మొహం తిప్పుకుని, ఎవరి పాస్‌వర్డు వాళ్ల చేతే కొట్టించింది. రాజమ్మకి ఒక్కదానికే రెండు రోజులు పట్టింది. మూడు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే స్క్రీను మూసుకుపోయేలా పెట్టింది. పేర్ల జాబితాలు ప్రింటు తీసే వీలు డాక్టరు గారి కంప్యూటరుకి తప్ప ఎక్కడా లేకుండా చేసింది. హెచ్.ఐ.వి. ఫలితాలు కౌంటర్లో అసలు కనిపించకూడదు. అవి సీలు వేసిన కవర్లో, పరీక్ష రాసిన డాక్టరు చేతికే వెళ్లాలి, సంతకం పెట్టించుకోవాలి. దీనికి బయటి డాక్టర్లు చిరాకుపడ్డారు. ఫోన్లో చెప్పెయ్యడానికేం అన్నారు. లోపలివాళ్లు అంతకన్నా చిరాకుపడ్డారు.

అందరికన్నా నరేంద్ర ఎక్కువ విసుక్కున్నాడు. అతను సీనియర్ టెక్నీషియను. ల్యాబులో పద్నాలుగేళ్ల సర్వీసు. నెలల పిల్లలకి కూడా ఒక్క పోటుకే రక్తం తీసేవాడు. పిల్లల తల్లులు అతనే కావాలని కూర్చునేవాళ్లు. ప్రసన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్పింది అతనే. అతని భార్య చేసే గోంగూర పచ్చడిలో ప్రసన్నకీ ఒక సీసా వచ్చేది. ఆమె అతన్ని అన్నయ్యా అనే పిలుస్తుంది.

"నిమిషానికోసారి మూసుకుపోతోంది, మళ్లీ పేరు కొట్టాలి, మళ్లీ పాస్‌వర్డు కొట్టాలి. రక్తం చూడనా, ఇది చూడనా?" అనేవాడు. "ఒక్కడు తప్పు చేస్తే అందర్నీ దొంగల్ని చేస్తావా చెల్లెమ్మా?"

ఆ జిరాక్సు కాగితాన్ని ప్రసన్న తన సొరుగులో పెట్టి తాళం వేసింది. మళ్లీ చూడాలంటే భయం వేసేది. రెండు వారాల తర్వాత, ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే తీస్తూ, ఏదో తట్టి సొరుగు తెరిచింది.

పదకొండు పేర్లూ మండలాల వారీగా వరసలో ఉన్నాయి. ముందు అవనిగడ్డ, తర్వాత కోడూరు, తర్వాత నాగాయలంక. గుడివాడ వైపువి ఒక్కటీ లేవు. బందరువీ లేవు. కంప్యూటరు తనంతట తను అలా వరస పెట్టదు. రిపోర్టు నంబరు ప్రకారమే ఇస్తుంది. మండలాలు ఏరుకోవడానికి వేరే స్క్రీనుకి వెళ్లాలి. అవనిగడ్డ బస్సుకి కవర్లు కట్టడం తేలికవుతుందని ఆ పద్ధతి కనిపెట్టింది ప్రసన్నే. జనవరిలో అక్క కానుపుకని వారం సెలవు పెట్టినప్పుడు, తను లేనప్పుడు పని ఆగకూడదని ఒక్కరికి నేర్పింది. ఆ స్క్రీను మీదే పరీక్ష పేరూ ఫలితమూ కూడా ఏరుకోవచ్చని అప్పుడే మాటవరసకి చెప్పింది.

ఆ ఒక్కరూ నరేంద్ర.

మధ్యాహ్నం లోపలి గదిలో అతనొక్కడే ఉన్నప్పుడు వెళ్లి, కాగితం బల్ల మీద పరిచింది. అతను గాజు గొట్టంలోకి రక్తం మీద తేరిన సీరం పీలుస్తున్నాడు. ఒక్కసారి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. అయిపోయాక గొట్టం పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు.

"ఆ షెడ్డు సూపర్‌వైజరు మా బావ" అన్నాడు.

ప్రసన్న కాగితాన్ని అతని ముందుకి ఇంకాస్త జరిపింది.

"ఎగుమతి సరుకమ్మా. ఒలిచేటప్పుడు చేతులు తెగుతాయి, రక్తం అంటుతుంది. ఎప్పుడైనా తేడా వస్తే కంపెనీయే మూతపడుతుంది, మూడొందల మంది రోడ్డున పడతారు, ముందుజాగ్రత్తగా చూసి చెప్పు అన్నాడు. షెడ్డులో ఎవరు పనిచేస్తారో నాకు తెలీదు కదా. అందుకని ఆ మూడు మండలాలూ తీశాను. చూసుకుని చింపెయ్యమన్నాను. చింపుతానన్నాడు."

"రొయ్యల వల్ల రాదని నీకు తెలీదా అన్నయ్యా? నాకు చెప్పింది నువ్వే కదా?"

"తెలుసు."

"మరి?"

"అడిగింది బావ. ఎలా కాదంటాను?"

ప్రసన్న స్టూలు మీద కూర్చుంది. "నామీదికి వస్తుందని తెలీదా? నా కంప్యూటరు మీద ఎందుకు తీశావు?"

నరేంద్ర ఆశ్చర్యంగా చూశాడు. ఆ సంగతి అతను అంతవరకూ ఆలోచించినట్టే లేదు.

"నీది తెరిచి ఉంది" అన్నాడు.

డాక్టరు గారికి చెప్పేటప్పుడు ఇద్దరూ ఉన్నారు. నరేంద్ర దాచలేదు. విన్నంతసేపూ ఆయన కిటికీలోంచి రోడ్డు వంక చూస్తూ కూర్చున్నారు. నరేంద్రని బయటికి వెళ్లమని, ప్రసన్నని ఉండమన్నారు.

"వాణ్ణి పంపించేస్తే ఎందుకు పంపించారని అడుగుతారు. చెబితే ఇంక ఒక్క డాక్టరు కూడా మనకి రక్తం పంపడు. తొమ్మిది కుటుంబాలమ్మా." గొంతు తగ్గించి అన్నారు. "ఆ ఆగస్టు పదిహేడు ప్రింటు సంగతి కంప్యూటర్లో ఉంది చూశావా, అది తీసేస్తే బాగుంటుందేమో. ఎవరైనా వచ్చి అడిగితే..."

ప్రసన్న ఆయన్ని నాలుగేళ్లుగా చూస్తోంది. పేదవాళ్లు వస్తే పరీక్ష చేసి ఊరకే పంపించే మనిషి. ఆయన నోటి నుంచి ఈ మాట వస్తుందని అనుకోలేదు.

"తీసేయడానికి ఇప్పుడు మీ పాస్‌వర్డు ఒక్కటే పనిచేస్తుందండీ. మీరే తీసేయండి. కానీ తీసేసింది ఎవరో కూడా అందులో పడుతుంది."

ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత తెల్లబోయింది. చివరికి, "వెళ్లమ్మా, జనం ఎదురుచూస్తున్నారు" అన్నారు. ఆ వివరం ఆయన తీసెయ్యలేదు. నరేంద్రనీ పంపించలేదు.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఐదో రోజు పొద్దున అవనిగడ్డ సెంటరు నుంచి మోషే ఫోను చేశాడు. అక్కడ రక్తం తీసి పంపేది అతనే. మామూలుగా ఎన్ని డబ్బాలు బస్సెక్కించాడో చెప్పి పెట్టేసేవాడు. ఆ రోజు డబ్బాల సంగతి చెప్పలేదు.

"అక్కయ్యా, భూషణం పోయాడు. పడవ ఇంజన్లు బాగుచేస్తాడే, ఆయన. నిన్న రేవు దిగువన పాయలో శవం తేలింది. నెల రోజులుగా ఎవరూ ఇంజను చూపించట్లేదంట. తమ్ముడు ఇంట్లోకి రానివ్వలేదంట." వెనకాల ఎవరో పిలుస్తున్నా మోషే ఫోను పెట్టలేదు. "ఆ రక్తం తీసింది నేనే అక్కయ్యా. చెయ్యి విరిగితే కట్టు కట్టించుకోడానికొచ్చాడు. జబ్బుందని ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు."

పదకొండు పేర్లలో మూడోది భూషణం. షెడ్డుతో అతనికి ఏ సంబంధమూ లేదు.

ప్రసన్న ఫోను పెట్టి లోపలికి వెళ్లి, అందరూ వినేటట్టుగానే చెప్పింది. నరేంద్ర ఒక పాపకి రక్తం తీస్తున్నాడు. తీయడం పూర్తిచేశాడు. దూది ఒత్తి పట్టుకోమని తల్లికి చెప్పాడు. ఆ తర్వాత సింకు దగ్గరికి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. ఎంతసేపున్నాడో ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం డాక్టరు గారు అతన్ని గదిలోకి పిలిచారు. బయటికొచ్చి, తన తెల్లకోటు మడిచి కుర్చీ మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ల్యాబులో ఎవరూ పాస్‌వర్డుల గురించి విసుక్కోలేదు. రాజమ్మ ఒకసారి ప్రసన్న పక్కన కూర్చుని, "తప్పు మాటన్నాను, మనసులో పెట్టుకోకమ్మా" అంది. ప్రసన్న తలూపింది. డాక్టరు గారు తనంతట తనే ఒక మార్పు చెప్పారు. ఆ జబ్బు పరీక్షలకి కంప్యూటర్లో పేరే ఉండకూడదు, నంబరు మాత్రమే ఉండాలి, ఏ నంబరు ఎవరిదో ఒక్క పుస్తకంలోనే రాయాలి, ఆ పుస్తకం తన బీరువాలో ఉంటుంది అన్నారు. ఆ పుస్తకాన్ని ఆయన స్వయంగా, తన చేతిరాతతో రాశారు. అప్పటికే ఆయన చెయ్యి కొద్దిగా వణికేది.

పని బాగానే జరుగుతోంది కానీ ప్రసన్నకి నిద్ర పట్టేది కాదు. ఆ పదకొండుమందిలో బతికున్నవాళ్ల దగ్గరికి వెళ్లి నిజం చెప్పాలనుకుంది. తప్పు మాదే, చేసింది ఫలానావాళ్లు, మీరు కేసు పెడితే నేను వచ్చి సాక్ష్యం చెబుతాను. ఈ మాటలు బస్సులో కూర్చుని ఎన్నోసార్లు మనసులో అనుకుంది. పది అడ్రసులు ఒక కాగితం మీద రాసుకుంది. రాసుకున్నాక భయమేసి, కంఠస్థం చేసి కాగితం చింపేసింది. నవంబరులో ఒక ఆదివారం ముందుగా నందివాడ బయల్దేరింది.

గుడివాడలో బస్సు మారి, నందివాడలో దిగి, చెరువుగట్ల వెంట రెండు మైళ్లు నడిచింది. రెండు పక్కలా చేపల చెరువులు. వలలు లాగుతున్న మనుషులు నడుముల్లోతు నీళ్లలో ఉన్నారు. గట్టు మీద టార్పాలిన్ కింద ఆడవాళ్లు చేపలకి ఐసు కొట్టి ప్లాస్టిక్ ట్రేలలో సర్దుతున్నారు.

"ఎవరు కావాలమ్మా?" అని మేస్త్రీ అడిగాడు.

పేరు చెప్పబోయి ప్రసన్న ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియదు. ఆ లోపలే టార్పాలిన్ కిందనుంచి నాగమల్లేశ్వరి లేచి, చేతులు చీరకి తుడుచుకుంటూ గబగబా వచ్చింది.

"మా పెద్దమ్మ కూతురండీ, ఊరి నుంచి వచ్చింది" అని మేస్త్రీతో చెప్పి, ప్రసన్న చెయ్యి పట్టుకుని గట్టు మలుపుదాకా నడిపించింది. అక్కడ ఆగి, పళ్లు బిగించి అంది.

"ఆ సంచీ తిప్పి పట్టుకోమ్మా."

ప్రసన్న భుజానికున్న సంచీ ల్యాబువాళ్లు కొత్త సంవత్సరానికి పంచినది. దాని మీద పెద్ద అక్షరాలతో ల్యాబు పేరు, రక్తపరీక్షలు అని ఉంది. ఆ సంచీతోనే రెండు మైళ్లు నడిచొచ్చింది. చప్పున తిప్పి గుండెలకి హత్తుకుంది.

"తప్పయిపోయిందండీ. చూసుకోలేదు."

"పర్లేదులే. ఇక్కడ చదువొచ్చినోళ్లు తక్కువ." నాగమల్లేశ్వరి మేస్త్రీ వైపు ఒకసారి చూసింది. అతను పనిలో ఉన్నాడు. "ఏంటమ్మా ఇంత దూరం వచ్చావు?"

ప్రసన్న అంతా చెప్పింది. నరేంద్ర పేరు, అతని బావ సంగతి, తన కంప్యూటరు తెరిచి ఉండటం, చీటీ అంటించింది తానే అన్నది. ఏదీ దాచలేదు. భూషణం సంగతి నాగమల్లేశ్వరికి అప్పటికే తెలుసు. కేసు మాట చెప్పింది. కలెక్టరుకి అర్జీ రాసిపెడతానని, కోర్టుకి తానే వస్తానని చెప్పింది.

నాగమల్లేశ్వరి చెరువు వంక చూస్తూ విన్నది.

"కోర్టులో ఏం చేస్తారమ్మా? నా పేరు పిలుస్తారు. ఫలానా జబ్బున్న ఫలానా మనిషి అని చదువుతారు. పేపర్లో ఏస్తారు. షెడ్డు గేటు కాడ మూడొందల మంది విన్నారు. అప్పుడు జిల్లా అంతా వింటుంది." ఆమె మాటలో కోపం లేదు. "నా పిల్లకి లేదన్నారు. గుంటూరు తీసుకెళ్లి చూపించాను. దానికి లేదు. ఇక్కడ బళ్లో అందరితో కలిసి కూర్చుంటోంది. నాకది చాలు."

"మీకు మందులు...?"

"నెలకోసారి గుంటూరు రమ్మన్నారు. ఎల్తున్నాను. ఈ జబ్బుకిచ్చే పెద్ద మందులు ఇంకా రాలేదంట. వస్తాయంటున్నారు." చీర చెంగు నడుముకి దోపుకుంది. "నా పేరు మీ కంప్యూటర్లో ఇంకా ఉందా?"

"లేదండీ. తీసేశాం. ఇప్పుడు నంబరే. పేర్లన్నీ ఒక్క పుస్తకంలో ఉంటాయి. అది డాక్టరు గారి బీరువాలో. తాళం ఆయన దగ్గరే."

"ఆయన పెద్దాయన. ఆయన తర్వాత?"

ఆ ప్రశ్న ల్యాబులో ఎవరికీ రాలేదు. ట్రైనింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు.

"సరస్వతీ! ఐసు బండొచ్చింది!" అని టార్పాలిన్ కింద నుంచి ఎవరో కేకేశారు.

"వస్తన్నా!" అని ఆ కొత్త పేరుకి నాగమల్లేశ్వరి పలికింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నువ్వు మంచిదానివేనమ్మా. కానీ మళ్లీ రావొద్దు. మిగతావాళ్ల దగ్గరికి కూడా ఎల్లొద్దు. ఎవరికి వాళ్లం ఎక్కడో ఒకచోట సర్దుకుంటున్నాం. నువ్వొస్తే, ఎందుకొచ్చిందని అడుగుతారు."

ఆమె గట్టు మీద వడివడిగా వెళ్లి, బండి మీంచి ఐసు దిమ్మ దింపుతున్నవాళ్లకి చెయ్యి సాయం పట్టింది. ప్రసన్న సంచీని లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేసి, దారిన పడింది. మిగిలిన తొమ్మిదిమంది దగ్గరికి ఇక వెళ్లలేదు.

గుడివాడ చేరేసరికి మూడు దాటింది. బందరు బస్సు కోసం నిలబడితే, బస్టాండు ఎదురు వరసలో కొత్త బోర్డు కనపడింది. తమ ల్యాబుది కాదు. రక్తపరీక్షల సెంటరు, ఆదివారం కూడా తెరిచే ఉండును. గుమ్మం బయట బెంచీ మీద జనం, చంకల్లో పిల్లలతో తల్లులు. లోపల్నుంచి బయటికొచ్చిన మనిషి నరేంద్ర. ఆమెను చూసి ఒక్క క్షణం నిలబడిపోయాడు. తర్వాత రోడ్డు దాటి వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది.

"చెల్లెమ్మా, ఎండలో నిలబడ్డావేం? లోపలికి రా, కాఫీ తాగి వెళ్దువుగాని."

అతని వెనక, తెరిచిన తలుపులోంచి బల్ల మీద కొత్త కంప్యూటరు కనపడుతోంది. దాని ముందు ఎవరూ లేరు. స్క్రీను వెలుగుతూనే ఉంది. బెంచీ మీది ఒకాయన లేచి, తన రిపోర్టు వచ్చిందేమోనని మెడ సాచి అందులోకి చూస్తున్నాడు.

"నీ కంప్యూటరు తెరిచే ఉంది అన్నయ్యా" అంది ప్రసన్న.

నరేంద్ర వెనక్కి తిరిగి చూశాడు. పరిగెత్తలేదు. "ఆఁ, మనవాళ్లేలే" అన్నాడు.

బందరు బస్సు వచ్చి ఆగింది. ప్రసన్న ఎక్కి కూర్చుంది. కండక్టరు ఎక్కడికమ్మా అని రెండుసార్లు అడిగాక గానీ ఆమెకి వినపడలేదు.